తాత గుర్తు దాటిన పోటు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా బడిలో పిల్లలే కాదు, అటెండరు కూడా అంటాడు. అంటే అననీ. చంద్రుడి గురించి గొంతు చించుకుని చెబుతుంటే, కిటికీలోంచి బొగ్గు రైలు పెట్టెలు లెక్కపెట్టుకునేవాణ్ని చూస్తే ఎవరికి మాత్రం ఒళ్లు మండదు? నౌపడ దగ్గర బడి అంటే అంతే. ఒక పక్క రైలు పట్టాలు, ఒక పక్క ఉప్పుమడులు. పిల్లలకు చూడ్డానికి ఏదో ఒకటి ఉంటుంది, నల్లబల్ల తప్ప.

అందుకే ఈ కార్తీకంలో నల్లబల్లని వదిలేసి పిల్లలనే ఉప్పుమడికి తీసుకుపోదామనుకున్నాను. జిల్లా సైన్సు ఫెయిరు దగ్గర పడుతోంది. పోయిన ఏడాది మా మండలంలో ఇంకో బడికి ప్రైజు వచ్చింది. దేనికనుకున్నారు? అట్టపెట్టెతో చేసిన సోలారు కుక్కరుకి. అట్టపెట్టెకి ఇచ్చినప్పుడు నా చంద్రుడికి ఎందుకివ్వరని నాకు పట్టుదల. చంద్రుడు సముద్రాన్ని లాగుతాడు, పోటు వస్తుంది, ఉప్పుటేరులోంచి నీళ్లు మడిలోకి ఎక్కుతాయి, ఎండకి ఉప్పవుతాయి. ఆకాశం నుంచి కూరగిన్నె దాకా ఒకే దారి. దాన్ని ఫొటోలు తీసి అట్టల మీద అతికిస్తే ఎవరు కాదంటారు?

ఆ ఉప్పుమడి మా అన్నయ్య ఆదాముది. మా తాత యోహాను చేతి మీదుగా వచ్చింది. అన్నయ్యకి ఆ పని తప్ప మరొకటి రాదు, రావాలని ఎప్పుడూ అనుకోలేదు కూడా. ఏటి నీళ్లు మడిలోకి వచ్చే తూము పక్కన ఒక రాతి స్తంభం ఉంది. అరవై ఏళ్ల కిందట ఒక కార్తీక పున్నమినాడు పోటు ఎన్నడూ లేనంత ఎత్తుకి వస్తే, తాత ఆ స్తంభం మీద ఉలితో గీత కొట్టాడు. దానికన్నా బెత్తెడు ఎక్కువ ఎత్తున గట్టు కట్టాడు, గట్టు లోపల ఉప్పు కుప్పపోసే మిట్ట కట్టాడు. ఆ గీతని మేం తాత గుర్తు అంటాం. తుఫాను వస్తే చెప్పలేం గానీ, పున్నమి పోటు మాత్రం తాత గుర్తు దాటదని మా ఇంట్లో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు.

శనివారం సాయంత్రం నేను వెళ్లేసరికి అన్నయ్యా, వదిన రూబీ కుప్ప మీది తాటాకు విప్పుతున్నారు. ఎండల్లో తీసిన ఉప్పు, వానాకాలమంతా తాటాకు కింద దాచుకున్నారు. సోమవారం లారీ వస్తుందట. టెక్కలి వ్యాపారి గణపతిరావు మొత్తం ఎత్తుకుపోతానన్నాడట.

"లారీ ఆపు అన్నయ్యా. బుధవారం పున్నమి. పిల్లల్ని తీసుకొస్తున్నాను. ఆ మర్నాడు పంపుకో" అన్నాను.

వదిన నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "ఏటి, నీ పిల్లలకి సూపించడానికి మా ఉప్పే దొరికిందా?"

"కుప్ప లేకపోతే ఏం చూపించను వదినా? నీళ్లు చూపించి ఇదే ఉప్పనుకోండర్రా అనమంటావా?"

అన్నయ్య నవ్వాడు. నేను బడి భాషలో మాట్లాడితే వదినకి వెటకారం, అన్నయ్యకి గొప్ప. కానీ చేతిలో తాటాకు పక్కన పెట్టి ఒక మాట అడిగాడు. "టీవీలో పెద్ద సందమామ వస్తాదంటన్నారు కదే. పోటు ఎక్కువుంటాదేమో?"

నాకు చిరాకేసింది. టీవీ వాళ్లు చెబితే భయం, ఇంట్లో సైన్సు టీచరు చెబితే అనుమానం. ఒక ఉప్పుగడ్డ తీసి నేల మీద పెట్టాను, దాని చుట్టూ వేలితో గీత గీశాను. "చంద్రుడు తిరిగే దారి సరిగ్గా గుండ్రంగా ఉండదన్నయ్యా. ఒకప్పుడు దగ్గరికొస్తాడు, ఒకప్పుడు దూరం పోతాడు. దగ్గరున్నప్పుడే పున్నమి పడితే పోటు కాస్త పెద్దది, నిజమే. కానీ ఇది కొత్తేం కాదు. తాత గీత కొట్టిన పున్నమి కూడా ఇలాంటి దగ్గరి పున్నమే, నేను లెక్క చూశాను. అదే చంద్రుడు, అదే దూరం. ఇంకా చెప్పాలంటే ఏడాదికి మన గోళ్లు పెరిగినంత మేర ఆయన దూరంగానే జరుగుతున్నాడు. మరి నీళ్లు తాత గుర్తు ఎందుకు దాటుతాయి?"

అన్నయ్య వదిన వైపు చూశాడు. "ఇది సెప్పిందంటే అంతేనే" అని ఫోను తీసి గణపతిరావుకి గురువారం రమ్మని చెప్పాడు. నాకెంత సంతోషమైందో చెప్పలేను. ఇంటికెళ్లేటప్పుడు వదినని ఆటపట్టించాను కూడా, ఫొటోలో నువ్వూ పడతావు, మంచి చీర కట్టుకో అని.

ఆదివారం పొద్దున్న మబ్బు పట్టింది. తాటాకు విప్పేసిన కుప్ప. చినుకు పడితే ఏమవుతుందో ఉప్పుమడి ఇంట పుట్టినదాన్ని నాకు తెలియదా? గుడిలో మగవాళ్ల వైపు మూడో వరసలో అన్నయ్య కూర్చునే చోటు ఖాళీగా ఉంది. మా బాప్టిస్టు సంఘంలో ఆదివారం పని ముట్టడం తేలిక విషయం కాదు. మా అన్నయ్య జ్వరంతో ఒణుకుతూ కూడా ఆరాధన మానిన మనిషి కాదు. ఆ పూట మిట్ట మీద ఒంటరిగా మళ్లీ తాటాకు కప్పుతున్నాడు, నా ఫొటో కోసం. నేను మాత్రం పాట గొంతెత్తి పాడాను.

మంగళవారం బడి అయ్యాక వెళ్లి స్తంభం శుభ్రం చేశాను. గీత సరిగా కనబడటం లేదు. దాని మీద, దానికి మూడు వేళ్ల పై దాకా పచ్చటి నాచు పట్టేసింది. పగిలిన కొబ్బరి చిప్పతో గీకి, నీళ్లు పోసి కడిగి, గీతలో సుద్దముక్క రుద్దాను. ఫొటోలో తెల్లగా, నీటుగా పడుతుంది. నాచు ఎక్కడి దాకా ఉందో కళ్లారా చూశాను, నా చేత్తోనే గీకాను. ఎందుకుందని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

బుధవారం పొద్దున్నే ఎనిమిదో తరగతి పిల్లల్ని గట్టు మీద వరసగా నిలబెట్టాను. ఆకు కదలడం లేదు. ఏటి అవతల ఎవరో చెత్త తగలబెడితే పొగ నిటారుగా లేస్తోంది. కార్తీక స్నానాలకి జనం భావనపాడు వైపు ఆటోల్లో పోతున్నారు. ఏరు మెల్లగా నిండుతోంది. "చూడండి, ఎవరూ తోయడం లేదు, గాలి లేదు, వాన లేదు. అంత దూరాన ఉన్నవాడు లాగుతున్నాడు. ఆయన మాట తప్పడు. ఆ తెల్లగీత దగ్గర ఆగుతాయి" అన్నాను. వదిన నిజంగానే మంచి చీర కట్టుకుని వచ్చింది. అన్నయ్య కుప్ప పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు, పెళ్లికొడుకు తండ్రిలా.

నీళ్లు గీతని తాకాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను ఫొటో తీశాను.

ఫోను దించేసరికి గీత లేదు. నీళ్లు దాని పైన ఉన్నాయి. ఇప్పుడు ఆగుతాయి, ఇప్పుడు ఆగుతాయి అనుకుంటున్నాను. గట్టులో ఎండ్రకాయ బొరియ ఒకటి ఉంది కాబోలు, లోపలి వైపు నుంచి బుడబుడమని నీరు ఊరడం మొదలెట్టింది. అన్నయ్య పరుగెత్తి మడమతో తొక్కాడు. ఇంతలో రెండు చోట్ల గట్టు మీంచే పొర్లింది. "బుట్టలు, బుట్టలు తే రూబీ" అని అరిచాడు. వదిన మంచి చీర మోకాళ్ల పైకి దోపుకుని ఉప్పు ఎత్తసాగింది. పిల్లలు కూడా పరీక్ష అట్టల మీదా, టిఫిను డబ్బాల్లోనూ ఎత్తారు. ఎక్కడికని ఎత్తుతారు? చుట్టూ నీళ్లే. ఉప్పు కరగడానికి చప్పుడుండదు. అడుగు కరుగుతూ ఉంటే పైన తాటాకు అలాగే ఉంది, కాసేపటికి కప్పంతా ఒక్కసారిగా కిందికి కూర్చుంది. ఏడాది కష్టం తాటాకు కింద లేకుండా పోయింది.

ఒక పిల్ల నా కొంగు పట్టుకుని అడిగింది. "టీచర్, నీరు గుర్తు దాటీసింది కదా. సందమామ మాట తప్పేడా?"

పిల్లలంతా నా నోరు చూస్తున్నారు. అన్నయ్య మోకాలి లోతు నీళ్లలో నిలబడి వింటున్నాడు. ఎదురుగా పొగ ఇంకా నిటారుగానే లేస్తోంది.

"గాలి" అన్నాను. "సముద్రం మీద గాలి ఎక్కువగా ఉండుంటుంది. గాలి తోసేసింది."

ఆ అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ సిగ్గే. తెలియదని చెప్పొచ్చు. ఇరవై ఏళ్ల సర్వీసులో పిల్లల ముందు తెలియదనలేదు, ఆ రోజూ అనలేకపోయాను.

అసలు సంగతి తర్వాతి వారం తెలిసింది. ఎక్కడో కాదు, పదో తరగతి గదిలో. వాతావరణ మార్పు పాఠం. ఏటా చెప్పేదే. బొగ్గు కాలిస్తే పొగ, పొగ దుప్పటిలా భూమిని కప్పితే వేడి, వేడికి మంచు కరిగి సముద్రంలో కలుస్తుంది, వేడెక్కిన నీరు ఎక్కువ చోటు అడుగుతుంది, సముద్రమట్టం పెరుగుతుంది. ఎంత? ఏడాదికి గోటి చివర తెల్ల అంచంత. ఎప్పటిలాగే బొటనవేలు ఎత్తి గోరు చూపించాను. ఎప్పటిలాగే పిల్లలు నవ్వారు, ఇంతేనా అని.

నేను నవ్వలేదు. అరవై ఏళ్ల గోటి అంచులు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయాను. మొదట్లో సన్ననివి, ఈమధ్యవి వెడల్పైనవి. ఎలా పేర్చినా తాత ఎత్తు పెట్టిన బెత్తెడుని మించిపోతున్నాయి. నాచు మూడు వేళ్ల పై దాకా ఎందుకుందో అప్పుడు తెలిసింది. నీళ్లు ఎప్పటి నుంచో తాత గుర్తు దాటి వస్తున్నాయి. చంద్రుడి పాఠం ఎనిమిదో తరగతిలో చెబుతాను, సముద్రం పాఠం పదిలో చెబుతాను. రెండూ ఒకే నోటితో చెబుతూ ఒక్కసారి కూడా కలిపి చూడలేదు. ఆకాశంలో చంద్రుడు ఏడాదికెంత జరుగుతాడో లెక్కపెట్టిన దాన్ని, కాళ్ల కింద నీళ్ల సంగతి వదిలేశాను. సుద్దముక్క చేతిలో అలాగే ఉంది. గంట కొట్టేదాకా పిల్లల్ని చదువుకోమని కూర్చున్నాను.

అన్నయ్యకి చెప్పాలని అదే సాయంత్రం బయల్దేరాను. సగం దారిలో వెనక్కి తిరిగాను. రేపు చెబుదామనుకున్నాను. రేపులు చాలా గడిచాయి.

డిసెంబరు మొదటి ఆదివారం గుడిలో ప్రభురాత్రి భోజనం. రొట్టె పళ్లెం మగవాళ్ల వరసల్లో ఒకరి చేతిలోంచి ఒకరికి పోతోంది. అన్నయ్య మూడో వరసలో లేడు, తలుపు దగ్గర ఆఖరున కూర్చున్నాడు. పళ్లెం వచ్చింది. ముట్టుకోకుండా పక్కవాడికి అందించేశాడు. మా సంఘంలో పాపం చేసినవాడు తనంతట తానే ఆ బల్లకి, అంటే ఆ రొట్టెకి, దూరంగా ఉంటాడు. ఆయన ఎందుకు దూరంగా ఉన్నాడో నాకు అర్థం కాలేదు. పళ్లెం ఆడవాళ్ల వైపు వచ్చినప్పుడు నేను మాత్రం రొట్టె తీసుకుని తిన్నాను.

ఆ సాయంత్రం వదిన మా ఇంటికి వచ్చింది. ఎప్పుడూ గుమ్మంలోంచే నన్ను ఆటపట్టించే మనిషి, చెప్పులు విడిచి లోపలికి వచ్చి నేల మీద కూర్చుంది. "మీ అన్నయ్య మడి ఒదిలేస్తాడంట" అంది.

"ఎందుకు?"

"ఆదివారం ఉప్పు ముట్టేడు కదా. అందుకే దేవుడు కొట్టేడంట. నాలుగో రోజుకే కుప్ప తీసుకెలిపోనాడంట. వచ్చే ఆదివారం కోతపండగ కాడ సంఘం ముందు నిలబడి ఒప్పుకుంటాడంట. ఒప్పుకుని మడి ఒదిలీసి విశాపట్నం ఎలిపోయి అపార్టుమెంటు కాడ వాచ్‌మేనుగా ఉంటాడంట. తిండి సరిగా తినడం నేదు లీలా. నిద్దట్లో కూడా తాటాకు కప్పుతన్నట్టు సేతులాడిస్తన్నాడు." నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు సదువుకున్నదానివి. నా మాట ఇనడు. నువ్వు సెప్పు, ఇంటాడు."

ఆవిడ చేతిలో చెయ్యి ఉంచుకోవడం నాకు కష్టమైంది. ఆదివారం ఆయన్ని మిట్ట ఎక్కించింది ఎవరో ఆవిడకి తెలుసు. అయినా ఒక్క మాట అనలేదు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు బడి కాగానే మడికి వెళ్లాను. అన్నయ్య బీటలు పడిన మిట్ట మీద కూర్చుని ఉన్నాడు. నేను పాఠం చెప్పాను. అవును, పాఠమే. మంచు, వేడి, గోటి అంచు, అరవై ఏళ్లు. ఎక్కడో ధ్రువాల దగ్గర మొదలెట్టి, ప్రపంచమంతా తిప్పి, బొగ్గు మీద నెపం పెట్టి, నా పేరు మాత్రం ఎక్కడా రాకుండా చెప్పుకొచ్చాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"ఏడాదికి గోరంత పెరిగిన సముద్రం ఒక్క పూటలో నా కుప్ప మీదికెలాగ వచ్చీసిందే?" అన్నాడు. "గాలి తోసీసిందని నువ్వే సెప్పేవు కదా పిల్లలకి. నానిన్నాను. ఆ గాలిని ఎవురు పంపేరు? ఆదివారం నాను సేసిన పనికి బుధవారం గాలొచ్చింది. ఇందులో తెలీకపోడానికేటుంది?"

ఆ రోజు గాలే లేదన్నయ్యా, అని ఒక్క ముక్క. అంతే కావలసింది. నా అబద్ధాన్ని పట్టుకుని ఈ మనిషి తనకి తానే శిక్ష వేసుకుంటున్నాడని తెలిసి కూడా దాచాను. ఆ ముక్క చెబితే వెనకాలే మిగతావన్నీ చెప్పాలి. చీకటి పడుతోందని సాకు చెప్పి లేచి వచ్చేశాను. దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను. ఇంత పిరికిదాన్నని నాకే తెలియదు.

కోతపండుగ ఆదివారం గుడి నిండిపోయింది. బల్ల ముందు వరికంకుల కట్టలు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. మా ఇంటి వంతు ఏటా తెల్లటి ఉప్పు బుట్ట. ఈసారి అన్నయ్య తెచ్చిన బుట్టలో మట్టి కలిసిన బూడిదరంగు ఉప్పు ఉంది, వదిన మిట్ట మీద గీకి పోగేసింది. దాన్ని రెండు చేతులా పట్టుకుని ఆయన ముందుకు నడిచి, పాస్టరు రాబర్టు గారి పక్కన నిలబడ్డాడు. జనం వైపు తిరిగాడు గానీ ఎవరినీ చూడలేదు.

"నా తప్పు ఒప్పుకోడానికి నిలబడ్డాను" అన్నాడు. "విశ్రాంతి దినాన పని ముట్టేను. మా సెల్లి సైన్సు టీచరని మీకందరికీ తెలుసు. పున్నమికి నీరు గుర్తు దాటదని అది లెక్క కట్టి సెప్పింది. దాని లెక్క ఎప్పుడూ తప్పదు. లెక్క తప్పకపోతే మరి తప్పింది నాను. దేవుడు నా మీద..."

అంతవరకే వినగలిగాను. నేను లేచి నిలబడ్డానని నాకు వదిన నన్ను చూసిన చూపుని బట్టి తెలిసింది.

"నా లెక్క తప్పు" అన్నాను.

గుడిలో కోడి ఒకటి రెక్కలు కొట్టుకుంది. పాస్టరు గారు "అమ్మా, ఆదాము మాట పూర్తి చెయ్యనీ" అన్నారు.

"పూర్తి చెయ్యనివ్వను అయ్యగారూ. ఆయన తప్పు కాదది. లారీ సోమవారమే రావాల్సింది. ఫొటో కోసం నేనే ఆపించాను. విప్పిన కుప్పకి మళ్లీ తాటాకు కప్పడానికి ఆయన ఆదివారం పోవలసి వచ్చిందీ నా వల్లే. చంద్రుడి లెక్క చూశాను, సముద్రం పెరిగిన లెక్క కలపలేదు. రెండూ నాకు తెలుసు. బడిలో రెండూ నేనే చెబుతాను. స్తంభం మీద గుర్తుకి మూడు వేళ్ల పై దాకా నాచు ఉండేది. నీళ్లు అక్కడి దాకా వస్తున్నాయని అదే సాక్ష్యం. ఫొటో బాగా రావాలని నా చేత్తో గీకేశాను. ఆ రోజు గాలి లేదు. పొగ నిటారుగా లేచింది, మా పిల్లలంతా చూశారు. పిల్లల ముందు పరువు పోతుందని గాలి అని అబద్ధమాడాను. పరువు కోసం మా అన్నయ్యని ఇక్కడ నిలబెట్టాను." ఇంకా ఏదో చెప్పబోయాను గానీ ఏడుపొచ్చేసింది.

వదిన నా పక్కనే కూర్చుని నేల చూస్తోంది. అన్నయ్య బుట్టని మెల్లగా బల్ల మీద పెట్టాడు, నన్ను చూడకుండా నడవాలోంచి నడుచుకుంటూ తలుపు దాటి వెళ్లిపోయాడు. పాస్టరు గారు పాట ఎత్తించారు. నేను ఆ పాటలో ఉండలేకపోయాను.

మడి దగ్గర దొరికాడు. స్తంభం ముందు గొంతుక్కూర్చుని గీతని వేలితో తడుముతున్నాడు. నేను గట్టు మీద నిలబడ్డాను. దగ్గరికి వెళ్లే ధైర్యం చాల్లేదు.

"గాలి నేదా?" అన్నాడు.

"లేదు."

"నాచు నువ్వే గీకీసావా?"

"నేనే."

తల ఊపాడు. తిడతాడని ఎదురు చూశాను. తిట్టలేదు. "తాతకి తెలీదు. నాకు తెలీదు. నీకు తెలుసు కదే" అన్నాడు, అంతే. నెమ్మదిగానే అన్నాడు. బడిలో నేను ఎంతమందిని ఎన్ని మాటలని ఉంటాను. అన్నీ కలిపినా ఆ మాట బరువు రాదు.

గీత మీంచి వేలు తీసేశాడు. "నా పాపమే అనుకున్నప్పుడు భయమేసింది గానీ, దారొకటి కనబడింది లీలా. ఒప్పుకుంటాను, అక్కడితో ఆగిపోతాది, ఇంకెవురి కుప్పా పోదు అనుకున్నాను. నువ్వు సెప్పింది నిజమైతే నానెవురి కాడ ఒప్పుకోవాల? ఏటి మానుకుంటే ఆగుతాదిది?"

దూరంగా పట్టాల మీద గూడ్సు పోతోంది. అన్నీ బొగ్గు పెట్టెలే. ఇద్దరం అటు చూస్తూ నిలబడ్డాం. అది ఎంతకీ అయిపోలేదు. మానుకోవలసింది నువ్వు కాదన్నయ్యా అందామనుకున్నాను. మరెవరు అంటే ఏం చెప్పను? నేను వచ్చిన స్కూటీ గట్టు కింద ఎండలో ఉంది.

అన్నయ్య లేచి గుడిసెలోంచి పారా, బుట్టా తెచ్చాడు. గట్టు కింద బంకమట్టి తవ్వడం మొదలెట్టాడు. పండుగ చొక్కా విప్పను కూడా లేదు. నాలుగు పారలు వేశాక ఆగి, "మళ్లీ పెద్ద పున్నమి ఎప్పుడే?" అని అడిగాడు.

నాకు తెలుసు. తారీఖు చెప్పాను. పొద్దున్న పోటు ఎన్ని గంటలకి నిండుతుందో కూడా చెప్పాను. చంద్రుడి సంగతి నిమిషాలతో సహా నా నాలుక మీదే ఉంటుంది.

"ఎంతెత్తు వస్తాది?"

స్తంభం దగ్గరికి వెళ్లాను. తాత గుర్తు మీద చెయ్యి పెట్టి పైకి జరిపాను, నాచు గీకిన చోటు దాటించాను, ఇంకా పైకి జరిపాను. ఎక్కడ ఆపాలో తెలియలేదు. అన్నయ్య పార పట్టుకుని నా చెయ్యే చూస్తున్నాడు.

"వస్తాది అన్నయ్యా" అన్నాను. "ఎంతన్నది నాకు తెలీదు."

ఆ మాట ఆయన నా నోట ఎప్పుడూ వినలేదు. మట్టి నిండిన బుట్ట నా వైపు జరిపాడు. నేను చెంగు దోపుకుని దాన్ని నెత్తికెత్తుకున్నాను.